భారీ ట్రక్కుల్లో డీజిల్ గేజి తప్పు చూపిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

గేజి తప్పు చూపుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి గేజితో సంబంధమే ఉండదు. ట్యాంకు ఆకారం, బండి నిలబెట్టిన నేల, రెండు ట్యాంకులను కలిపే గొట్టం, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్, వీటిలో దేని లోపమైనా నింద మాత్రం ముల్లు మీదికే వస్తుంది. అందువల్ల ఏ భాగాన్నైనా మార్చే ముందు ట్యాంకులో నిజంగా ఎంత డీజిల్ ఉందో కొలిచి చూడాలన్నది కింది సమాధానాలన్నింటికీ ఆధారం.

కొత్త ట్రక్కులోనైనా సరే, గేజి చూపే లెక్క ఎంతవరకు కచ్చితంగా ఉంటుంది?

గేజి లీటర్లను కొలవదు. ట్యాంకులో ఒకానొక చోట డీజిల్ మట్టం ఎంత ఎత్తులో ఉందో కనిపెట్టి, ఆ ఎత్తును ముల్లు కదలికగా మార్చి చూపిస్తుంది, అంతే. మట్టాన్ని కనిపెట్టే పని ట్యాంకు పైభాగంలో బిగించిన సెండర్‌ది. పాత పద్ధతి సెండర్‌లో ఒక చేతికి తగిలించిన ఫ్లోట్ పైకీ కిందికీ కదులుతూ, రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్‌లలో కొలుస్తారు) పట్టీ మీద ఒక కాంటాక్ట్‌ను జరుపుతుంది. భారీ ట్రక్కుల్లో తరచుగా కనిపించే రెండో రకంలో నిలువు గొట్టం ఒకటి ఉంటుంది. అయస్కాంతం అమర్చిన ఫ్లోట్ ఆ గొట్టం వెంట జారుతూ ఉంటే, గొట్టం లోపల వరుసగా ఉన్న రీడ్ స్విచ్‌లు (అయస్కాంతంతో పనిచేసే చిన్న స్విచ్‌లు) అయస్కాంతం దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా కలుస్తాయి.

ఈ రెండో రకం సెండర్ మట్టాన్ని మెట్లు మెట్లుగానే చెప్పగలదు. ఉదాహరణకు 60 సెంటీమీటర్ల వ్యాసం, 141 సెంటీమీటర్ల పొడవు ఉన్న దాదాపు 400 లీటర్ల గుండ్రటి ట్యాంకును తీసుకుందాం. స్విచ్‌ల మధ్య దూరం 2 సెంటీమీటర్లు అనుకుంటే, ట్యాంకు సగంలో ఉన్నప్పుడు ఒక్క మెట్టుకు 17 లీటర్ల తేడా వస్తుంది. ఫుల్‌కు దగ్గరగా ఉన్నప్పుడు అదే మెట్టు 8 లేదా 9 లీటర్లకు సమానం. దీనికి ముల్లు మందం, చూసేవారి అంచనా తోడైతే, అంత పెద్ద ట్యాంకులో 15 లీటర్ల తేడాను లోపంగా లెక్కించడం న్యాయం కాదు. ట్యాంకు సామర్థ్యంలో 5 శాతం లోపు తేడా వస్తే దాని వెంట పడకుండా వదిలేయడం మేలు. తేడా 10 శాతం దాటి, అది ఎప్పుడూ ఒకే వైపున వస్తుంటే మాత్రం కారణం వెతకాలి.

చివరి పావు ట్యాంకు చాలా తొందరగా అయిపోతుంది ఎందుకు?

ట్యాంకు గుండ్రంగా ఉండి, అడ్డంగా పడుకోబెట్టినట్టు బిగించి ఉంటే ఈ ఫిర్యాదు నిజమే. అలాంటి ట్యాంకులో పావు ఎత్తు అంటే పావు డీజిల్ కాదు, 19.5 శాతం మాత్రమే. ముప్పావు ఎత్తు దగ్గర 80.5 శాతం ఉంటుంది. అంటే ఫుల్ నుంచి ముప్పావుకు ముల్లు త్వరగా దిగుతుంది, మధ్యలో ఉన్న రెండు పావులు నెమ్మదిగా దిగుతాయి, చివరి పావు మళ్లీ చకచకా అయిపోతుంది.

పైన చెప్పిన 400 లీటర్ల ట్యాంకులోనే అడుగు నుంచి 5 సెంటీమీటర్ల మట్టానికి 16 లీటర్లు, 10 సెంటీమీటర్లకు 44, 15 సెంటీమీటర్లకు 78, 20 సెంటీమీటర్లకు 117, 25 సెంటీమీటర్లకు 158, సగానికి 200 లీటర్లు ఉంటాయి. 10 సెంటీమీటర్ల మట్టం చూసి "ఆరో వంతు ఉంది కదా, 67 లీటర్లు ఉంటాయి" అని లెక్క వేసుకున్న డ్రైవర్‌కు 23 లీటర్లు తక్కువ పడతాయి. లీటరుకు 3 కిలోమీటర్లు ఇచ్చే బండిలో అది దాదాపు 70 కిలోమీటర్ల దూరం. కొన్ని తయారీ సంస్థలు ఈ వంపును లెక్కలోకి తీసుకుని సెండర్‌లో రెసిస్టెన్స్ మెట్లను మారుస్తాయి, లేదా డాష్‌బోర్డు కంప్యూటర్‌లో పట్టిక వేసి సరిచేస్తాయి. అన్ని బండ్లలో ఆ ఏర్పాటు ఉండదు. డబ్బా ఆకారపు ట్యాంకుల్లో, మూలల గుండ్రదనం తప్ప, ఈ సమస్య పెద్దగా రాదు.

ట్యాంకు నిండా పోయించినా పుస్తకంలో రాసినన్ని లీటర్లు పట్టడం లేదు. ఇది గేజి తప్పేనా?

కాదు. డీజిల్ వేడికి వ్యాకోచించడానికి ట్యాంకులో సాధారణంగా 5 శాతం వరకు ఖాళీ వదులుతారు. అడుగున డీజిల్ లాగే గొట్టం నేలకు ఆనకుండా కొంచెం పైకి ఉంటుంది కాబట్టి, దాని కింద మిగిలిన కొద్ది లీటర్లు ఇంజన్‌కు అందవు. గేజి "ఖాళీ" చూపే స్థానం కూడా బండిని బట్టి వేరుగా ఉంటుంది. కొన్నింటిలో ముల్లు అడుగుకు చేరాక కూడా కొంత మిగులుతుంది, కొన్నింటిలో దాదాపు ఏమీ మిగలదు. ఒక బండిలో చూసిన మిగులును ఇంకో బండికి వర్తింపజేయకూడదు.

బండిని నిలబెట్టిన చోటును బట్టి లెక్క మారుతోంది. ఎంత తేడా మామూలు?

సెండర్ ట్యాంకు మధ్యలో ఉంటే వాలు ప్రభావం తక్కువ. ఒక చివరకు దగ్గరగా ఉంటే ఎక్కువ. 141 సెంటీమీటర్ల పొడవున్న ట్యాంకుతో 5 శాతం వాలు ఉన్న రోడ్డు మీద బండి నిలబడితే, రెండు చివరల మధ్య మట్టంలో 7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. సెండర్ ఒక చివరన ఉంటే అది అసలు మట్టం కంటే 3.5 సెంటీమీటర్లు ఎక్కువో తక్కువో చూస్తుంది. సగం ట్యాంకు దగ్గర అది 30 లీటర్ల పొరపాటు. ఇవే 30 లీటర్లు రాత్రి పార్కింగ్‌లో "మాయమై", పొద్దున సమతలం మీదికి రాగానే తిరిగి కనిపిస్తాయి. కొలతలు తీసేటప్పుడు ప్రతిసారీ ఒకే సమతలమైన చోట, బండి ఒకే వైపు చూసేలా నిలిపి తీయాలి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి అయితే గాలి నిండి బండి సాధారణ ఎత్తుకు చేరాకే చూడాలి.

రెండు ట్యాంకులు ఉన్నాయి. ఒకటి ఖాళీ, ఇంకొకటి నిండుగా ఉంది. గేజి మాత్రం ఒకటే చెబుతోంది.

చాలా బండ్లలో సెండర్ ఒక ట్యాంకులోనే ఉంటుంది. రెండు ట్యాంకుల అడుగు భాగాలను కలిపే గొట్టం ద్వారా మట్టాలు సమానమవుతాయన్న నమ్మకం మీద ఆ ఏర్పాటు నడుస్తుంది. ఆ గొట్టంలో చెత్త పేరుకున్నా, దాని వాల్వ్ ఎవరో మూసి మరిచిపోయినా, రాయి తగిలి గొట్టం నొక్కుకుపోయినా ఆ నమ్మకం చెడిపోతుంది. ఇంజన్ ఒక ట్యాంకు నుంచి లాగి, మిగిలిన డీజిల్‌ను ఇంకో ట్యాంకులోకి తిరిగి పంపే అమరిక ఉంటే ఒకటి ఖాళీ అవుతూ మరొకటి నిండుతుంది. గేజి ఏ ట్యాంకును చూస్తోందన్న దాన్ని బట్టి డ్రైవర్‌కు నిశ్చింతో గాభరానో కలుగుతుంది.

ముందుగా రెండు మూతలూ తీసి మట్టాలను కొలవాలి. తేడా ఉంటే కలిపే గొట్టం వాల్వ్‌లు తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత గాలి గొట్టాలు, అంటే ట్యాంకు బ్రీదర్‌లు పరీక్షించాలి. ఒక ట్యాంకు బ్రీదర్ బురదతో మూసుకుపోతే, డీజిల్ తగ్గిన చోటికి గాలి రాక లోపల శూన్యం ఏర్పడి ఆ ట్యాంకు నుంచి డీజిల్ సరిగ్గా కదలదు. మూత తిప్పగానే "ఉస్సు"మని గాలి లోపలికి పీల్చుకుంటే అనుమానం అక్కర్లేదు, బ్రీదర్ మూసుకుపోయినట్టే. పక్కకు ఒరిగిన నేల మీద రాత్రంతా నిలిపితే పై ట్యాంకు నుంచి కింది ట్యాంకుకు డీజిల్ పారడం మాత్రం సహజం. కింది ట్యాంకు అప్పటికే నిండుగా ఉంటే మూత దగ్గర కారే ప్రమాదం కూడా ఉంది.

ముల్లు ఒక్కసారిగా ఖాళీకో ఫుల్‌కో పోయి, మళ్లీ మామూలు స్థానానికి వస్తోంది. ఇది ఏ లోపం?

గతుకులు పడినప్పుడు మాత్రమే అలా జరిగితే కనెక్టర్ వదులుగా ఉండటమో, వైరు ఎక్కడో ఒరుసుకుని తెగిపోతుండటమో కారణం. గతుకులతో సంబంధం లేకుండా, ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర జరిగితే లోపం సెండర్‌లోనే ఉంది. ఫ్లోట్ చేయి ఉన్న రకంలో రెసిస్టెన్స్ పట్టీ ఆ చోట అరిగిపోయి ఉంటుంది. బండి రోజూ ఎక్కువ సేపు ఏ మట్టంలో తిరుగుతుందో అక్కడే ఆ అరుగుదల ఎక్కువ. రీడ్ స్విచ్ రకంలో ఒక స్విచ్ పనిచేయకపోతే ఫ్లోట్ ఆ స్విచ్‌ను దాటే వరకు సంకేతం పోతుంది. స్విచ్ అతుక్కుపోతే ముల్లు ఒకచోట ఆగి, డీజిల్ తగ్గుతున్నా కదలదు. ముల్లు ఎప్పుడూ అసలు కంటే తక్కువ చూపిస్తూ, క్రమంగా ఇంకా దిగజారుతుంటే ఫ్లోట్‌లోకి డీజిల్ చేరి బరువెక్కిందేమో చూడాలి.

లోపం గేజిలో ఉందా, వైరులో ఉందా, సెండర్‌లో ఉందా? విప్పకుండా తెలుసుకునే మార్గం ఏమిటి?

ఈ ఒక్క ప్రశ్నకు సరైన సమాధానం తెలియకే మంచి సెండర్లు ఎన్నో చెత్తబుట్ట పాలవుతుంటాయి. ముందుగా బండిలో ఏ రెసిస్టెన్స్ శ్రేణి వాడారో సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. ప్రచారంలో ఉన్న శ్రేణులు కొన్ని: ఖాళీకి 240 ఓమ్‌లు, ఫుల్‌కు 33 ఓమ్‌లు ఒకటి, ఖాళీకి 10, ఫుల్‌కు 180 మరొకటి, ఖాళీకి 0, ఫుల్‌కు 90 ఇంకొకటి. మొదటి దానిలో రెసిస్టెన్స్ పెరిగితే ముల్లు దిగుతుంది, మిగతా రెండింటిలో పెరిగితే ఎక్కుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకోకపోతే పరీక్ష ఫలితం తలకిందులుగా అర్థమవుతుంది.

డాష్‌బోర్డు గేజికి వైరు నేరుగా వెళ్లే పాత తరహా బండిలో, ఇగ్నిషన్ ఆన్ చేసి సెండర్ కనెక్టర్ ఊడదీయాలి. ట్యాంకు మూత, సెండర్ రంధ్రం మూసే ఉండాలి. నిప్పురవ్వ పుట్టే పని తెరిచిన ట్యాంకు దగ్గర చేయకూడదు. 240–33 శ్రేణిలో కనెక్టర్ ఊడదీయగానే ముల్లు ఖాళీ కంటే కిందికి పడాలి, 10–180లో ఫుల్ దాటి పోవాలి. ఆ తర్వాత సిగ్నల్ వైరును శ్రేణికి తగిన రెసిస్టర్ ద్వారా ఎర్త్‌కు కలిపితే ముల్లు ఆ విలువకు తగిన చోటికి రావాలి: 240–33 గేజికి 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఫుల్, 240 పెడితే ఖాళీ. ముల్లు సరిగ్గా స్పందిస్తే గేజి, దాని దాకా వచ్చే వైరు రెండూ బాగున్నట్టే. మిగిలింది సెండర్, దాని ఎర్త్. స్పందించకపోతే సెండర్‌ను ముట్టుకోవలసిన పనే లేదు. ఫ్యూజు, గేజికి వచ్చే కరెంటు, మధ్యలో వైరు చూడాలి.

తర్వాత మల్టీమీటర్‌తో, ఊడదీసిన సెండర్ టెర్మినళ్ల మధ్య ఓమ్‌లు చదవాలి. కొలత కర్రతో (దీని తయారీ కింద ఉంది) కొలిచిన మట్టానికి ఆ విలువ సరిపోలితే సెండర్ మంచిదే. చదువుతున్నప్పుడు కనెక్టర్‌ను, వైరును వేళ్లతో మెల్లగా కదిపి చూడాలి. అంకెలు గంతులేస్తే లోపం దొరికినట్టే.

కంప్యూటర్ ద్వారా గేజి నడిచే బండిలో ఈ రెసిస్టర్ పరీక్షను మాన్యువల్ అనుమతిస్తేనే చేయాలి. ఇష్టమొచ్చినట్టు సిగ్నల్ వైరును ఎర్త్‌కు కలిపితే లోపం కోడ్‌లు నమోదు కావడమే కాక, మాడ్యూల్ (సంకేతాన్ని అందుకునే కంప్యూటర్ పెట్టె) దెబ్బతినే అవకాశం కూడా ఉంది.

ఎర్త్ కనెక్షన్‌ను అంతగా ఎందుకు అనుమానించాలి?

ట్యాంకు ఛాసిస్ పక్కన, చక్రాలు చిమ్మే నీళ్లకు, బురదకు, ఉప్పుకు ఎదురుగా ఉంటుంది. సెండర్ ఎర్త్ వైరు చివర రింగు టెర్మినల్ ఛాసిస్‌కు బోల్టుతో బిగించి ఉంటుంది. పైకి చూస్తే బిగువుగానే కనిపిస్తుంది. విప్పి తిప్పి చూస్తే రింగు కింద రంగు పొర, దాని మీద ఆకుపచ్చ చిలుము, వైరు రింగులోకి దూరే చోట నల్లబడిన రాగి పోగులు కనిపిస్తాయి. అక్కడ చేరే అదనపు రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు అయినా చాలు.

240–33 శ్రేణిలో ఆ 20 ఓమ్‌లు కలిస్తే ఫుల్ దగ్గర 33కు బదులు 53 చదవబడి, ట్యాంకు నిండినా ముల్లు ఫుల్‌కు చేరదు. అది చికాకే కానీ ప్రమాదం కాదు. 10–180 శ్రేణిలో కథ వేరు: ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినప్పుడు గేజికి 30 ఓమ్‌లు కనిపిస్తాయి, ముల్లు ఎనిమిదో వంతు దగ్గర నిలబడి ఇంకా డీజిల్ ఉందని చెబుతుంది. దారి మధ్యలో బండి ఆగిపోయేది ఈ రెండో రకంలోనే.

తేల్చుకోవడం తేలిక. ఎర్త్ ఛాసిస్‌కు వెళ్లే అమరిక అయితే, సెండర్ ఎర్త్ టెర్మినల్ నుంచి శుభ్రంగా గీకిన ఛాసిస్ చోటికి తాత్కాలికంగా ఒక వైరు కలిపి ముల్లును చూడాలి. అది సరైన చోటికి కదిలితే పాత ఎర్త్‌ను విప్పి, లోహం మెరిసేదాకా గీకి, కొత్త రింగు వేసి, గ్రీజు పూసి బిగించాలి. కంప్యూటర్ అమరికల్లో సెండర్ ఎర్త్ తరచుగా ఛాసిస్‌కు కాక నేరుగా మాడ్యూల్‌కు తిరిగి వెళుతుంది. అలాంటి చోట ఛాసిస్‌కు వైరు కలపకూడదు.

సెండర్ విప్పేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

బ్యాటరీ కట్ చేయాలి, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు, మట్టం సగానికి తక్కువగా ఉంటే పని సులువు. విప్పే ముందు ట్యాంకు పైభాగాన్ని పూర్తిగా కడిగి తుడవాలి. అక్కడ పేరుకున్న ఇసుక రంధ్రంలో పడితే అది నేరుగా ఫిల్టర్‌కు పోతుంది. ఫ్లోట్ చేయి ఉన్న సెండర్‌ను నిటారుగా లాగితే చేయి వంగిపోతుంది, ఒరిగించి తీయాలి.

బయటికి తీశాక మల్టీమీటర్ తగిలించి ఫ్లోట్‌ను చేత్తో అడుగు నుంచి పైదాకా చాలా నెమ్మదిగా జరపాలి. రీడ్ స్విచ్ రకంలో అంకెలు మెట్లు ఎక్కినట్టు ఒక్కో విలువకు మారుతూ రావాలి. మధ్యలో ఒకచోట మీటరు "తెగిపోయింది" అని చూపి మళ్లీ కలిస్తే, ఆ స్విచ్ పోయిందని అర్థం. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం చప్పుడు వినబడకూడదు. గొట్టం మీద జిగురు పొర ఉండి ఫ్లోట్ పట్టేస్తుంటే, శుభ్రం చేసి మళ్లీ పరీక్షించడం కొత్తది కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

కొత్త సెండర్ వేశాక గేజి ఇంకా తప్పుగా చూపిస్తోంది. ఎందుకు?

మూడు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది, రెసిస్టెన్స్ శ్రేణి సరిపోలకపోవడం. 240–33 గేజికి 10–180 సెండర్ వేస్తే ముల్లు ఇంచుమించు తలకిందులుగా కదులుతుంది. రెండోది, పొడవు. సెండర్ ట్యాంకు లోతుకు తగ్గదిగా లేకపోతే పొట్టిదైనప్పుడు అడుగున ఉన్న డీజిల్‌ను చూడలేదు, పొడుగుదైనప్పుడు అడుగుకు తగిలి వంగుతుంది. మూడోది, చేయి ఉన్న రకాన్ని తప్పు దిశలో బిగిస్తే ఫ్లోట్ ట్యాంకు లోపలి అడ్డుపలకకు తగిలి ఆగిపోతుంది. వాడుకలో ఉన్న 5 రంధ్రాల ఫ్లాంజ్‌లో (సెండర్‌ను ట్యాంకుకు బిగించే పలకలో) రంధ్రాలను సమాన దూరాల్లో వేయకపోవడానికి కారణం అదే: ఒకే దిశలో తప్ప బిగించకుండా చూడటం. రంధ్రాలు కుదరడం లేదని కొత్త రంధ్రం వేసుకోవడం ఆ ఏర్పాటును చెడగొట్టుకోవడమే. గాస్కెట్ (కారకుండా మధ్యలో వేసే పొర) డీజిల్‌ను తట్టుకునే రబ్బరుదై ఉండాలి.

కంప్యూటర్ ఉన్న బండ్లలో ఇంకా ఏం చూడాలి?

ఈ బండ్లలో సెండర్ సంకేతం ఒక మాడ్యూల్‌కు చేరి, అక్కడి నుంచి క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లను కలిపే వైర్ల వ్యవస్థ) మీదుగా డాష్‌బోర్డుకు శాతంగా వెళుతుంది. భారీ వాహనాలు వాడే జె1939 ప్రమాణంలో ప్రతి కొలతకూ ఎస్‌పీఎన్ అనే సంఖ్య ఉంటుంది: మొదటి ట్యాంకు మట్టం ఎస్‌పీఎన్ 96, రెండోది ఎస్‌పీఎన్ 38. స్కానర్ తగిలించి ఆ శాతాన్ని చదివి, కర్రతో కొలిచిన మట్టంతో పోల్చాలి. స్కానర్ అంకె నిజమై ముల్లు తప్పైతే లోపం డాష్‌బోర్డుది. స్కానర్ అంకె కూడా తప్పైతే లోపం సెండర్ వైపు. లోపం ఏ రకమో చెప్పే ఎఫ్‌ఎంఐ కోడ్‌లలో 3 సాధారణంగా వోల్టేజి మామూలు కంటే ఎక్కువగా ఉందని, 4 తక్కువగా ఉందని, 5 కరెంటు తక్కువగా ఉందని లేదా సర్క్యూట్ తెగిందని చెబుతాయి. ట్యాంకును వేరే సైజుకు మార్చినా, రెండో ట్యాంకు తీసేసినా, కంప్యూటర్‌లో ఆ వివరం మార్చకపోతే లోపం లేకుండానే లెక్క తప్పుతుంది.

డీజిల్ నింపిన తర్వాత ముల్లు చాలాసేపు కదలదు. పాడైందా?

సాధారణంగా కాదు. ట్యాంకులో డీజిల్ ఊగినప్పుడల్లా ముల్లు ఊగకుండా ఉండటానికి సంకేతాన్ని నెమ్మదింపజేస్తారు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి నింపిస్తే ఆ నెమ్మది వల్ల ముల్లు చాలాసేపు పాత చోటే ఉండవచ్చు. ఇంజన్, ఇగ్నిషన్ రెండూ ఆపి నింపించడం భద్రతకూ మంచిది, గేజికీ మంచిది.

సొంతంగా కొలత కర్ర తయారు చేసుకోవచ్చా?

తప్పకుండా చేసుకోవాలి. గేజి బాగున్న బండికి కూడా అది ఉండటం మంచిది. నిప్పురవ్వ రాని, విరిగి పోగులు రాలని పదార్థంతో, అంటే నున్నని గట్టి కర్రతోనో అల్యూమినియం పట్టీతోనో చేయాలి. ట్యాంకు దాదాపు ఖాళీ అయినప్పుడు బండిని సమతలం మీద నిలిపి, మిగిలింది తీసేసి, తెలిసిన పరిమాణంలో, ఉదాహరణకు 25 లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ మట్టం స్థిరపడ్డాక కర్ర ముంచి గీత పెట్టాలి. కర్రను ఎప్పుడూ ఒకే మూతలోంచి, నిటారుగా దించాలి. గుండ్రటి ట్యాంకుకు గీతల మధ్య దూరాలు సమానంగా రావు. సమానంగా వచ్చాయంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట. రెండు ట్యాంకులుంటే కలిపే గొట్టం వాల్వ్ మూసి ఒక్కొక్కదానికి విడిగా గీతలు పెట్టాలి, తర్వాత వాల్వ్ తెరవడం మరిచిపోకూడదు. ఒక బండి కర్ర మరో బండికి పనికిరాదు.

ఎండ వల్ల లెక్క మారుతుందా?

కొద్దిగా మారుతుంది. డీజిల్ ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు ఇంచుమించు 0.083 శాతం వ్యాకోచిస్తుంది. 400 లీటర్లకు 20 డిగ్రీలు పెరిగితే 6.6 లీటర్లు. ఇంజన్ నుంచి తిరిగి వచ్చే డీజిల్ వేడిగా ఉంటుంది కాబట్టి ఎండ లేకపోయినా ట్యాంకు వేడెక్కుతుంది. గేజిలో ఈ తేడా కనిపించదు; లీటర్ల లెక్క రాసుకునేవారికి మాత్రం కనిపిస్తుంది.

గేజి బాగు చేయించే వరకు బండి నడపవచ్చా?

నడపవచ్చు, కానీ లెక్క కిలోమీటర్లతో పెట్టుకోవాలి. ట్యాంకు నింపించి ట్రిప్ మీటరును సున్నా చేయాలి. బండి నిండు లోడుతో, ఎత్తు రోడ్డులో ఇచ్చే అతి తక్కువ మైలేజీనే లెక్కకు తీసుకోవాలి. ఖాళీ బండి ఇచ్చే మైలేజీ తీసుకుంటే మోసపోతాం. వాడుకోగల డీజిల్‌లో నాలుగో వంతు మిగిలి ఉండగానే మళ్లీ నింపించాలి. ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన గంటలు, డీజిల్‌తో నడిచే క్యాబిన్ హీటరు వాడకం కిలోమీటర్లలో కనిపించవు కాబట్టి వాటికి కొంత డీజిల్‌ను విడిగా లెక్క కట్టుకోవాలి.

లెక్క తప్పి డీజిల్ అయిపోతే ఏం చేయాలి?

కామన్ రైల్ ఇంజన్లలో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే ఇంజన్లలో, అధిక ఒత్తిడి పంపుకు కందెన డీజిలే. డీజిల్ లేకుండా తిప్పితే పంపు లోపల గీతలు పడి, లోహపు పొడి ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. అందువల్ల ఇంజన్ తడబడటం మొదలు కాగానే బండిని పక్కకు తీసి ఆపాలి. వాలులో నిలిచి ఉంటే లాగే గొట్టం అందేలా తగినంత డీజిల్ పోయాలి. చేతి ప్రైమర్‌ను (డీజిల్‌ను చేత్తో తోసే చిన్న పంపును) గట్టిపడేదాకా కొట్టి, మాన్యువల్ చెప్పిన చోట ఎయిర్ తీయాలి. స్టార్టర్‌ను 30 సెకన్లకు మించి తిప్పకుండా, మధ్యలో రెండు నిమిషాలు ఆగాలి. కామన్ రైల్ ఇంజన్‌లో అధిక ఒత్తిడి గొట్టాల నట్లు వదులు చేసి ఎయిర్ తీయడం ప్రాణాంతకం. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

గేజి పడిపోయింది. ఇది దొంగతనమా, గేజి తప్పా?

డ్రైవర్‌ను నిలదీసే ముందు యజమాని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మట్టం ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పడిందా, నడుస్తున్నప్పుడా? బండి కదలకుండానే పడి, అదే చోట నిలిచి ఉండి, సమతలం మీదికి వచ్చినా తిరిగి రాకపోతే అనుమానానికి ఆధారం ఉంది. బండి చోటు మారగానే మట్టం మళ్లీ పెరిగితే అది వాలు లేదా రెండు ట్యాంకుల మధ్య ప్రవాహం. ఒక్కసారి ముల్లు చూసి నిర్ణయానికి రాకూడదు. వరుసగా కొన్ని సార్లు పూర్తిగా నింపించి, నింపిన లీటర్లను నడిచిన దూరంతో భాగించి చూస్తేనే నిజం బయటపడుతుంది. ఇంజన్ కంప్యూటర్ చెప్పే వాడకం కూడా కొలత కాదు, ఇంజెక్టర్లు తెరుచుకున్న సమయం నుంచి వేసిన లెక్క. అది కొన్ని శాతాలు అటూ ఇటూ ఉండవచ్చు. ముల్లు ఒక్కదాన్ని సాక్ష్యంగా పెట్టి జీతంలో కోత వేయడం సరికాదు.

విడిగా అమర్చే సెన్సర్లు గేజి కంటే మెరుగ్గా ఉంటాయా?

సరిగ్గా అమర్చి, ట్యాంకుకు తగిన పట్టిక వేస్తే చాలా మెరుగ్గా ఉంటాయి. కెపాసిటివ్ కడ్డీ సెన్సర్‌ను ట్యాంకు లోతుకు తగినట్టు కోసి, కొలత కర్రకు చేసినట్టే లీటర్లు పోస్తూ పట్టిక నింపాలి. ఆ శ్రమ తప్పించుకుని ఖాళీ, ఫుల్ రెండు బిందువులతో సరిపెడితే గుండ్రటి ట్యాంకులో పాత గేజి చేసిన తప్పునే ఖరీదైన సెన్సర్ కూడా చేస్తుంది. ఇవి గాలికీ డీజిల్‌కూ మధ్య విద్యుత్ లక్షణాల తేడాను చదువుతాయి. గాలికి ఆ విలువ 1, డీజిల్‌కు సుమారు 2, నీటికి 80. అందువల్ల ట్యాంకు అడుగున నీరు చేరితే లెక్క విపరీతంగా పెరుగుతుంది. అలాంటి అంకె కనిపించినప్పుడు సెన్సర్‌ను తిట్టుకోకుండా ముందుగా ఫిల్టర్ కింది గిన్నెలో, ట్యాంకు అడుగున నీటిని వదలాలి.